నల్లచిరుత ఒంటిమీది దుమ్ము

ప్రొపెల్లర్ రెక్కల మీద ఎక్కడా వెండి మెరుపు లేదు. మాస్టారి బల్ల మీద ఆ చిన్న విమానాన్ని చూడగానే నా కన్ను ముందు అక్కడే ఆగింది. నమూనా విమానాలు చేసేవాళ్లలో చాలామంది ప్రొపెల్లర్ అంచులకు కాస్త వెండి రంగు తాకిస్తారు. రంగు లేచిపోయి అడుగున ఉన్న లోహం బయటపడినట్టు కనిపించాలని. మాస్టారు ఆ పని చేయలేదు. అంచుల వెంట నలుపు అరిగింది, అరిగినచోట ముదురు గోధుమ రంగు తొంగిచూస్తోంది. ఎందుకని అడిగాను.

"అది కట్టె నాయనా. కట్టె గీసుకపోతే వెండి ఎట్లొస్తది?" అన్నారు.

నిజమే. ఈ నమూనా బ్రిటిష్ యుద్ధవిమానం స్పిట్‌ఫైర్‌ది. దాని ఎనిమిదో రకానికి రోటోల్ కంపెనీ నాలుగు రెక్కల ప్రొపెల్లర్ చేసింది. పల్చటి చెక్కపొరల్ని బంకతో అతికి, గట్టిగా ఒత్తి, రాయిలా బిగిసిన ఆ దిమ్మెల్లోంచి తీర్చిన రెక్కలవి. ముందున్న కోసు మూత మాత్రం లోహం. అందుకే మూత మీద రెండు మూడు చోట్ల సన్నటి వెండి చుక్కలున్నాయి, దాన్ని ఆనుకుని ఉన్న రెక్కల మీద ఒక్కటీ లేదు. నాలుగు రెక్కల కొసలకు పసుపు. అసలు విమానంలో ఆ పసుపు నాలుగు అంగుళాలు. 48 రెట్లు చిన్నదైన ఈ నమూనాలో రెండు మిల్లీమీటర్లు. నాలుగు చోట్లా ఆ రెండు మిల్లీమీటర్లు ఒక్క తీరుగా ఉన్నాయి.

ఆలంపూర్‌లో మాస్టారిని తెలియనివాళ్లు తక్కువ. బడిలో డ్రాయింగ్ చెప్పేవారు, రిటైరై చాలా ఏళ్లయింది. పుట్టింది రాజోలిలో, మగ్గమున్న ఇంట్లో. ఇప్పుడు ఇంటి వెనక గదిలో, ఉత్తరపు కిటికీ పక్కన, ఒక బల్ల, ఒక భూతద్దం, ఒక చిన్న కంప్రెసర్. అరల నిండా విమానాలు. వాటిలో ఈ ఒక్కదాని గురించే రాయాలనుకోవడానికి కారణం ఉంది. ఇది 152వ స్క్వాడ్రన్ విమానం. ఆ స్క్వాడ్రన్ పేరు పక్కన కుండలీకరణంలో ‘హైదరాబాద్’ అని ఉంటుంది.

1918లో ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ ఇచ్చిన డబ్బుతో బ్రిటిష్ వైమానిక దళంలోని 110వ స్క్వాడ్రన్‌కు డీహెచ్-9ఏ బాంబర్లు సమకూరాయి. దానికి హైదరాబాద్ స్క్వాడ్రన్ అన్న పేరు నిలిచిపోయింది. రెండో ప్రపంచ యుద్ధంలో ఆ పేరు మరో రెండింటికి వచ్చింది. 152వది హైదరాబాద్, 253వది హైదరాబాద్ స్టేట్. 152వ స్క్వాడ్రన్ 1939 అక్టోబరులో ఏర్పడింది. 1940 వేసవిలో ఇంగ్లండు దక్షిణ తీరాన వార్మ్‌వెల్ నుంచి స్పిట్‌ఫైర్లతో పోరాడింది. దాని అధికార ముద్రలో నిజాం తలపాగా, కింద ‘నమ్మకమైన మిత్రుడు’ అన్న అర్థం వచ్చే మాట ఉంటాయి. ఉత్తర ఆఫ్రికా, సిసిలీ, ఇటలీ తిరిగి 1943 చివర భారతదేశం చేరి, ఇంఫాల్ నుంచి బర్మా దాకా యుద్ధం చేసింది.

మా ఆలంపూర్ తాలూకా 1956 దాకా రాయచూరు జిల్లాలోది, 1948 దాకా నిజాం ఏలుబడిలోది. తుంగభద్ర దాటితే కర్నూలు, అది అప్పట్లో ఇంగ్లీషువాళ్ల ఇలాకా. మా తాతల తరం జొన్నచేల మీద కట్టిన శిస్తు పోయింది హైదరాబాదుకే. నిజాం ఖజానాను నింపినవి మా తాలూకాలాంటి తాలూకాలే. విమానమంటే ఏమిటో చూడని పల్లెల చెమట ఏదో ఒక దారిలో ఆ రెక్కల్లో కలిసే ఉంటుందని మాస్టారు నమ్ముతారు. నేనూ నమ్ముతాను.

ఇక పనితనం సంగతి.

కిట్ చెక్ దేశపు ఎడ్యుఆర్డ్ కంపెనీది. పెట్టెలో బూడిదరంగు ప్లాస్టిక్ చట్రాలుంటాయి, ఒక్కో ముక్క పక్కన ఒక్కో అంకె. ఆ అంకెలు చూసినప్పుడల్లా నాకు కూడవెల్లి సంగమేశ్వరాలయం గుర్తొస్తుంది. శ్రీశైలం జలాశయం నీళ్లు కమ్ముకొస్తాయని ఆ గుడిని రాయి రాయిగా విప్పి, ప్రతి రాతికీ అంకె వేసి, ఆలంపూర్ తెచ్చి మళ్లీ నిలబెట్టారు. అంకెలు ఏ రాయి ఎక్కడిదో చెబుతాయి. రెండు రాళ్ల నడుమ గీత కనబడకుండా కూర్చడం మాత్రం కూర్చే చేతికే తెలియాలి.

ఆ గీత దగ్గరే మాస్టారిలోని సాలెవాడు బయటపడతాడు. గద్వాల చీరకు ఒళ్లు నూలు, అంచు పట్టు. రెండు వేరు వేరు గుణాల పోగుల్ని మగ్గం మీదే ఒకదానితో ఒకటి మెలేసి కలుపుకుంటూ పోతారు. ఆ కలిసేచోటును కుట్టు అంటారు. అక్కడ వేలితో రాస్తే మిట్ట తగలకూడదు. చిన్నప్పుడు తల్లి చీర మీద వేలు రాసి చూపేదట. ఇప్పుడు ఆయన విమానం వెన్ను మీద అదే వేలు రాస్తారు. కుడి ఎడమ సగాలను దగ్గరగా పట్టి, నీళ్లలా పల్చగా ఉండే బంకను కుంచెతో ఒక చుక్క తాకిస్తే అది సందు వెంట దానంతటదే పరుగెత్తుతుంది. అంటించదు, రెండు అంచుల్నీ కరిగిస్తుంది. మెల్లగా నొక్కితే కరిగిన ప్లాస్టిక్ సన్నటి గట్టులా పైకి ఉబుకుతుంది. రెండు రోజులు దాన్ని ముట్టుకోరు. తర్వాత కత్తితో చెక్కి, లోతు పడ్డచోట లప్పం పెట్టి, 400 నంబరు ఉప్పుకాగితంతో మొదలుపెట్టి 2000 దాకా దిగుతారు. ఇంత రుద్దాక వెన్ను మీద ఉండాల్సిన రేకుల గీతలు కూడా మాసిపోతాయి. వాటిని సూదితో మళ్లీ గీయాలి. నేను భూతద్దం పెట్టి వెతికాను. ఏది కంపెనీ గీత, ఏది మాస్టారి గీత, నాకు తేడా అందలేదు.

రెక్కల మీది రివెట్ చుక్కలు వాలు వెలుతురులో పట్టిచూస్తేనే కనబడతాయి. అలాగే ఉండాలి. మొదటి స్పిట్‌ఫైర్‌ను పరీక్షించేటప్పుడు ఇంజనీర్లు ఒక తమాషా చేశారు. రేకుతో సమానంగా అణిగిపోయే రివెట్లు కొట్టడం కష్టం, ఖర్చు. తల ఉబ్బిన మామూలు రివెట్లు వాడితే ఏమవుతుందో తెలుసుకోవడానికి, విమానమంతా ప్రతి రివెట్ మీదా బఠాణీ పప్పు బద్ద ఒకటి బంకతో అంటించి ఎగరేశారు. వేగం గంటకు 22 మైళ్ల మేర తగ్గింది. తర్వాత వరసల వారీగా బద్దలు ఊడబెరుకుతూ, మళ్లీ మళ్లీ ఎగరేసి, ఎక్కడ నున్నగా ఉండి తీరాలో తేల్చుకున్నారు. రెక్కల మీద తప్పదని తేలింది. వంటింటి పప్పు యుద్ధవిమానం రూపం తేల్చిన ఈ కథ మాస్టారికి చాలా ఇష్టం, బడిలో కూడా చెప్పేవారు. అందుకే రెక్క మీద రంగు వేసే ముందు ఆయన ఆ చుక్కలను ఇంకొంచెం పూడ్చారు. 48 రెట్ల లెక్కలో ఒక మిల్లీమీటరులో అయిదో వంతు గుంట కూడా అసలు విమానం మీద సెంటీమీటరు గుంట అవుతుంది మరి.

రంగు వేసేది తెల్లవారుజామున అయిదు నుంచి ఏడు దాకా. ఎండాకాలంలో మా ఊళ్లో తొమ్మిదయ్యాక ఎయిర్‌బ్రష్ సూది మొన మీదే రంగు ఎండిపోతుంది. వానాకాలంలో లక్క రంగు తేమ పట్టి పాలిపోతుంది. రంగును పాలంత పల్చగా కలిపి, తక్కువ గాలితో, మబ్బులు మబ్బులుగా చల్లుతారు. అడుగున నల్లటి పూత. దాని మీద ముదురు ఆకుపచ్చ, సముద్రపు బూడిద, పొట్ట కింద లేత బూడిద. ఒక్కసారిగా కప్పేయరు. అక్కడక్కడ నలుపు శ్వాస పీల్చుకునేంత సందు వదులుతారు. ఎండ తగిలే రేకులు వెలిసి, నీడన ఉండేవి ముదురుగా మిగిలిన భ్రమ అందులోంచే పుడుతుంది. డబ్బాలో ఉన్న రంగును ఉన్నట్టు కూడా వాడరు, కొంచెం తెలుపు కలుపుతారు. దూరపు కొండలు పాలిపోయి కనబడతాయి కదా, ఇరవై సెంటీమీటర్ల విమానాన్ని చూడటమంటే అసలు దాన్ని అంత దూరం నుంచి చూడటమే. రెండు రంగులు కలిసే అంచు కోసం, జిగురు ముద్దను జంతికల్లా సన్నగా పేని, ఆ తాళ్లను ఒంటి మీద పరచి, వాటి పక్క నుంచి చల్లారు. అంచు అటు కత్తిరించినట్టూ లేదు, ఇటు చెదిరినట్టూ లేదు.

ఆ యుద్ధకాలంలో ఆసియా రంగంలో మిత్రపక్షాల విమానాల మీద ఎరుపు ఉండకూడదనేవారు. జపాను వాళ్ల గుర్తు ఎర్రటి సూర్యుడు కాబట్టి, దూరం నుంచి ఎర్రచుక్క కనబడితే తమవాళ్లే తమవాళ్లను కూల్చే ప్రమాదం. అందుకే బ్రిటిష్ గుండ్రటి గుర్తులోంచి ఎరుపు తీసేసి ముదురు నీలం మధ్యలో లేత నీలం పెట్టారు, గుర్తును చిన్నది చేశారు. తర్వాత రెక్కలకూ తోకకూ తెల్ల పట్టీలు వేశారు. మాస్టారు ఈ మార్పును ఒక గుర్తుగా అంటించి ఊరుకోలేదు. చిన్న నీలి గుండ్రం చుట్టూ, వెలిసిన ఆకుపచ్చలో కొంచెం ముదురైన కొత్త ఆకుపచ్చ వలయం ఒకటుంది. పాత పెద్ద గుర్తును ఎవరో కుంచెతో కప్పేసిన జాడ అది. చెప్పకపోతే నేను గమనించేవాణ్ణి కాదు. గమనించాక ఇక దాన్ని చూడకుండా ఉండలేకపోయాను.

ఆ గుండ్రం మీదుగా నల్లచిరుత దూకుతోంది. బర్మాలో 152వ స్క్వాడ్రన్ తన స్పిట్‌ఫైర్ల పక్కల మీద వేసుకున్న బొమ్మ. నీళ్లలో నానబెట్టి అంటించే డెకాల్ వాడొచ్చు, మాస్టారు వాడలేదు. మూడు వెంట్రుకల కుంచెతో చేత్తో గీశారు. కుడివైపు చిరుత వెనక కాలు ఎడమవైపు దానికంటే పిసరంత పొడుగు. ఇది పొరపాటేమోనని అడగబోయి ఆగాను. అసలు విమానాల మీద కూడా గీసింది మనుషులే, చేతులతోనే, ఎండలో నిచ్చెన ఎక్కి. రెండు పక్కలా అచ్చుగుద్దినట్టు ఉంటేనే అబద్ధం అయ్యేది.

ఇప్పటిదాకా చెప్పింది కొత్త విమానం. దాన్ని పాతది చేయడంలో మాస్టారి విద్యంతా ఉంది.

ఏడో తరగతిలో ఆయన మమ్మల్ని మా ఊరి నవబ్రహ్మ ఆలయాలకు తీసుకెళ్లి స్వర్గబ్రహ్మ గుడి గోడ ముందు కూర్చోబెట్టిన రోజు నాకింకా గుర్తు. శిఖరం గీయొద్దన్నారు. ముందు వాననీళ్లు ఎక్కణ్ణుంచి ఎక్కడికి పారాయో గీయమన్నారు. మాకేమీ అర్థం కాలేదు. చూడగా చూడగా కనబడింది. కప్పు అంచు నుంచి జారిన నీళ్లు గూడు మీద ఆగి, రెండు పాయలై, ఎర్రటి ఇసుకరాతి మీద నల్లచారలు గీశాయి. చూరు కింద నీడపట్టున రాయి ఇంకా నిన్న చెక్కినట్టే ఉంది. మనుషుల చేతులు తగిలే ఎత్తులో నున్నగా మెరుస్తోంది. పదమూడు వందల ఏళ్ల ఎండావానా ఎక్కడపడితే అక్కడ పనిచేయలేదు. ప్రతి మరకకూ ఒక దారి ఉంది.

స్పిట్‌ఫైర్ మీద ఆయన వేసిన మరకలన్నీ ఆ గోడ దగ్గర పుట్టినవే. ఎడమ రెక్క మొదలును చూడండి. పైలట్ ఎక్కేది ఎడమవైపు నుంచి, అక్కడ చిన్న తలుపు కూడా ఉంది. బూట్లు రోజూ తొక్కేచోట ఆకుపచ్చ అరిగి, దాని కింది పూత, ఆ కింద కాస్తంత వెండి. కుడి రెక్క మొదట్లో ఆ అరుగుడు సగం కూడా లేదు. ఇంజను మూత రేకుల అంచుల్లో, మరల చుట్టూ గీతలున్నాయి, ఎందుకంటే మెకానిక్కులు రోజూ విప్పేది అవే. ఎవరూ ముట్టని వెన్ను మీద గీతలు లేవు. కాక్‌పిట్ అద్దం ముందు పెట్రోలు పోసే మూత, అక్కణ్ణుంచి పక్కలకు జారిన చార ఒకటి. పెట్రోలు మరకకు పెద్దగా రంగుండదు, దుమ్మును కడిగేసి కాస్త మెరుపును వదులుతుంది అంతే. ఆయన దాన్ని రంగుతో కాక మెరుపు వార్నిష్‌తో వేశారు. విమానాన్ని తిప్పితేనే కనబడుతుంది.

ఇంజను పొగగొట్టాలు పక్కకు ఆరు. వాటి వెనక మసి చాలామంది నల్లగా పులిమేస్తారు. ఇక్కడ అది మూడు వన్నెలు. అంచుల్లో గోధుమ కలిసిన నలుపు, మధ్యలో వేడికి కాలి పాలిపోయిన బూడిద, రెక్క మొదలు తాకి గాలి మళ్లేచోట సన్నబడి కిందికి వంగిన తోక. గాలి ఎటు పోయిందో మసి చెబుతోంది.

నన్ను అన్నిటికంటే కట్టిపడేసింది తుపాకుల దగ్గరి సంగతి. రెక్కల్లోని మెషిన్‌గన్ రంధ్రాలకు దుమ్ము పోకుండా గుడ్డముక్కలు అంటించేవారు. కాల్చగానే గుడ్డ చిరిగిపోతుంది. ఈ విమానంలో ఆ నాలుగు గుడ్డలూ చెక్కుచెదరలేదు, వాటి వెనక మసీ లేదు. పెద్ద ఫిరంగుల గొట్టాలు మాత్రం కమిలి ఉన్నాయి, రెక్క కింద ఫిరంగుల వెనకాలే మసి చార ఉంది. ఇదేమిటన్నాను. పైలట్ చేతిలోని మీటను ఒక కొన నొక్కితే మెషిన్‌గన్లు, రెండో కొన నొక్కితే ఫిరంగులు, నడుమ నొక్కితే రెండూ పేలతాయని చెప్పి, "ఆ పొద్దు ఆయన ఫిరంగులే కాల్చినాడు" అన్నారు. ఆ పైలట్‌తో పొద్దున మాట్లాడి వచ్చినంత మామూలుగా.

చుక్కాని గుడ్డతో కప్పినది. అక్కడ రంగు లేవలేదు, వెలిసింది. లోపలి బద్దల వరసలు గుడ్డ మీద ఉబ్బి కనబడతాయి, వాటి అంచుల్లోనే దుమ్ము నిలిచింది. లోహపు తోక మీద సన్నటి వెండి చుక్కలున్నాయి, వేలెడు దూరం జరిగి చుక్కాని మీదికి రాగానే ఆగిపోయాయి. ఇలా ఆగిపోయిన చోట్లను వెతుక్కుంటూ ఈ విమానాన్ని ఒక గంట చూడొచ్చు, నేను చూశాను.

ఒక్కచోట మాత్రం నా మనసు ఒప్పలేదు. పొట్ట కింద ఇంజను నూనె చారలు మరీ ఎక్కువయ్యాయి, సమాంతరంగా దువ్వినట్టు ఉన్నాయి. ఆ మాట అనడానికి జంకాను, అయినా అన్నాను. మాస్టారు విమానాన్ని వెల్లకిలా తిప్పి చాలాసేపు చూశారు. "నిజమే. ఆగాల్సిన కాడ ఆగలే" అన్నారు. దాన్ని దిద్దడానికి ప్రయత్నించనని కూడా చెప్పారు. ఆయిల్ రంగు ఆరాక దాన్ని తీయబోతే కింది పూత కూడా వచ్చేస్తుందట. కాక్‌పిట్ గాజు కూడా ఇందులో రెండోదే. మొదటిది తొందరలో గట్టిబంకతో అంటించబోతే ఆ ఆవిరికి లోపలివైపు మంచు పట్టినట్టు తెల్లబడింది. అప్పట్నుంచి గాజుకు చెక్కపనివాళ్ల తెల్లబంక తప్ప ఇంకేదీ వాడటం లేదు. చెడిన ఆ గాజును మాత్రం పారేయలేదు, బల్ల సొరుగులో దూది మీద పెట్టుకున్నారు.

చివరిది దుమ్ము. బర్మా సరిహద్దు రన్‌వేల మీద ఎండాకాలంలో ఎర్రదుమ్ము, వానాకాలంలో బురద. బజారులో దొరికే రంగుపొడి వాడొచ్చు. మాస్టారు చౌరస్తా అవతలి చెలకలోంచి ఎర్రమట్టి తెచ్చి, ఎండబెట్టి, కల్వంలో నూరి, పంచెగుడ్డలో వస్త్రగాళితం పట్టారు. నా ముందే చేశారు. గుడ్డలోంచి రాలినదాంట్లో కూడా మూడొంతులు పక్కన పెట్టేశారు, 48 రెట్లకు ఆ రేణువులు గులకరాళ్లవుతాయని. మిగిలిన చిటికెడును ఆరిన కుంచెతో టైర్లకు, చక్రాల గూళ్లకు, తోక కింది భాగానికి తాకించారు. ప్రొపెల్లర్ గాలి దుమ్మును ఎక్కడికి విసురుతుందో అక్కడికే. రెక్క పైభాగానికి ఒక్క రేణువు వెళ్లలేదు. నిజాం పేరు మోసిన విమానం చక్రాలకు మా చెలక మట్టి అంటడం ఆయన కావాలని చేశారో లేదో నేను అడగలేదు.

ఆ విమానం ఇప్పుడు గాజుపెట్టెలో ఉంది. బల్ల మీద కొత్త పని, డీహెచ్-9ఏ. 110వ స్క్వాడ్రన్‌కు నిజాం ఇచ్చిన రకం. అలాంటిదొకటి, ఎఫ్1010 నంబరుది, 1918 అక్టోబరు 5న జర్మన్లకు చిక్కి, బెర్లిన్‌లో ప్రదర్శనకు నిలబడి, తర్వాత పోలండ్ చేరి, 1977లో లండన్‌లోని వైమానికదళ మ్యూజియానికి వచ్చింది. మాస్టారు దాని ఫొటోలు గోడకు గుచ్చుకున్నారు. ఇది చెక్క చట్రం, పైన నారబట్ట, రెండు అంతస్తుల రెక్కలు, నడుమ తీగలు. వెండి చుక్కలకు ఇక్కడ చోటు చాలా తక్కువ. ఆయన వెండి పెన్సిల్‌ను డబ్బాలో పెట్టేసి మూత బిగించారు. నేను వెళ్లేసరికి ఒక తెల్లకాగితం మీద, విమానం పక్కన రాయాల్సిన ‘హైదరాబాద్’ అన్న ఇంగ్లీషు అక్షరాలను మిల్లీమీటరున్నర ఎత్తులో, సన్నకుంచెతో రాస్తున్నారు. కాగితం నిండా అదే మాట. ఒక్కో వరస చివర కాగితాన్ని దూరం పట్టి, కళ్లు చికిలించి చూసి, మళ్లీ మొదటి అక్షరం దగ్గరికి వస్తున్నారు.